ఏసీ గ్యాస్ ఎంత పోయిందో కాటా చెప్తుంది

ఏసీ రిపేరుకి వచ్చినాయన అవుట్‌డోర్ యూనిట్ దగ్గర పైపు విప్పగానే 'స్‌స్‌స్' అని సౌండ్ వస్తుంది చూశారా? అది లోపలి గ్యాస్ గాల్లోకి పోతున్న సౌండ్. ఆర్-32 అనుకోండి, ఒక్క కిలో వదిలితే వందేళ్ల లెక్కన సుమారు 675 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. పాత ఏసీల్లోని ఆర్-22 అయితే దాదాపు 1,800 కిలోలు, పైగా ఓజోన్‌కి కూడా దెబ్బ.

మరేం చెయ్యాలి? రికవరీ మెషీన్‌తో లాగి సిలిండర్‌లోకి ఎక్కించాలి. ఇది బోర్డు మీద బొమ్మ గీసి చెప్తే చేతికి రాదు. అందుకే ట్రైనింగ్ ల్యాబుల్లో ట్రైనర్ కిట్ ఉంటుంది. కంప్రెసర్, కండెన్సర్, క్యాపిలరీ, ఎవాపరేటర్ అన్నీ ఒక ప్యానెల్ మీద ఎదురుగా బిగించి, గేజ్‌లు పెడతారు. కొన్నిట్లో సార్ స్విచ్ నొక్కితే కావాలనే ఫాల్ట్ వస్తుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి టెస్ట్ సర్వర్ ఎలాగో ఇది అలాగ. కస్టమర్ ఇంట్లో చెయ్యకూడని తప్పులన్నీ ఇక్కడ చేసెయ్యొచ్చు.

కానీ నన్నడిగితే, ఆ ల్యాబ్‌లో అసలు గురువు కాటా.

ఎలాగంటే, కిట్‌లో తూచి 800 గ్రాముల ఆర్-32 నింపారు. లీకు లేదని సార్‌కి తెలుసు. స్టూడెంట్ రికవరీ చేశాక చూస్తే సిలిండర్ బరువు 500 గ్రాములే పెరిగింది. మిగతా 300 ఏమైనట్టు? హోస్‌లో కొంచెం ఉండొచ్చు. గేజ్ కిందికి రాగానే మెషీన్ ఆపేస్తే, కంప్రెసర్ ఆయిల్‌లో కరిగిన గ్యాస్ మెల్లగా బయటికొచ్చి ప్రెషర్ మళ్లీ లేస్తుంది. అందుకే ఆపాక కాసేపు ఆగి గేజ్ చూడాలి. లేదా హోస్ పీకేటప్పుడు గాల్లో కలిసిపోయి ఉండొచ్చు. అదే అయితే 200 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క! మనింట్లో ఏసీకి ఈ లెక్క తేలదు, అప్పటికి లోపల ఎంత మిగిలుందో ఎవరికీ తెలీదు కాబట్టి.

కాటా ప్రాణాలు కూడా కాపాడుతుంది. రికవరీ సిలిండర్‌ని 80 శాతం దాటి నింపకూడదు. ద్రవం వేడికి వ్యాకోచిస్తుంది, లోపల ఖాళీ లేకపోతే ప్రెషర్ ఒక్కసారిగా పెరిగి సిలిండర్ పేలొచ్చు. మన మే నెల ఎండలో, డాబా మీద... ఊహించుకోండి. పైగా ఆర్-32కి మండే గుణం ఉంది, కాబట్టి దానికి పనికొచ్చే మెషీనే వాడాలి. రెండు రకాల గ్యాస్‌లు ఒకే సిలిండర్‌లో కలిపితే మళ్లీ వాడుకోవడం దాదాపు అసాధ్యం. చేతికి గ్లోవ్స్ లేకుండా ద్రవం తగిలితే చర్మం గడ్డకడుతుంది.

ఐటీఐలో ఏసీ మెకానిక్ ట్రేడ్‌కి వెళ్లాలనుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, చేరేముందు ఒకసారి ల్యాబ్ చూడండి. రికవరీ మెషీన్ ఉందా అంటే ఉందనే అంటారు, సీల్ తియ్యని డబ్బాలో ఉన్నా సరే. పోయిన బ్యాచ్ వాళ్లు తూకాలు రాసిన రిజిస్టర్ చూపించమనండి.