గద్వాల చీరతో ఐదు కిలోమీటర్లు
(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో గట్టుకు చెందిన ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మనం నకారా కేసు తీర్పును తలచుకుంటాం. పింఛను ప్రభుత్వం దయదలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు హక్కుగా రావలసినది అని 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ విషయం నాకన్నా బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. కరువు భత్యం బకాయిల సంగతీ వారే చెబుతారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు, "మేడం, మీరు ఆ పరుగు సంగతి చెప్పండి, అందరూ అడుగుతున్నారు" అన్నారు. అరవై ఐదేళ్ళ మనిషి చీర కట్టుకొని హైదరాబాదు రోడ్ల మీద ఉరికిందంటే అడగకుండా ఎవరుంటారు?

2023 ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున హుస్సేన్ సాగర్ పక్కన నెక్లెస్ రోడ్డు మీద జరిగిన వేషాల పరుగు అది. పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై, సంజీవయ్య పార్కు వైపు వెళ్ళి వెనక్కి రావాలి. మొత్తం ఐదు కిలోమీటర్లు. ఎవరికి తోచిన వేషం వారు వేసుకొని రావచ్చు. మా మనవరాలు అక్కడే ఉద్యోగం చేస్తున్నది. తన పేరుతో పాటు నా పేరూ రాయించి, ఆ తరువాత నాకు ఫోన్ చేసి చెప్పింది. ఉత్తర్వులు ముందు, సంప్రదింపులు తరువాత! సర్వీసులో ఉన్నప్పుడు మనం చూడనిదా?

దరఖాస్తులో పేరు, వయసు, రక్తపు గ్రూపు తరువాత "వేషం" అని ఒక గడి ఉందట. "అమ్మమ్మా, అందులో గద్వాల చీర అని రాశాను" అంది. నాకు చురుక్కుమంది. "చీర వేషమెట్లా అవుతుందే? ముప్పై ఐదేళ్ళు బడికి కట్టుకొని పోయింది చీరే గదా" అన్నాను. "ఇక్కడ పరుగుకు చీర కట్టుకొని వస్తే వేషమే అమ్మమ్మా" అంది. అది తప్పుపట్టి అన్న మాట కాదు. అక్కడి సంగతి అట్లా ఉంది, అంతే. ఆ మాట నాలుగు రోజులు నన్ను వదల్లేదు.

వేషాలతో పరుగెత్తడం లోకంలో కొత్త కాదట. లండన్ మారథాన్ 1981లో మొదలైంది. ధర్మ కార్యాలకు విరాళాలు పోగుచేయడానికి అక్కడ వేలమంది చిత్రమైన వేషాలతో పరుగెత్తుతారు. 2004లో మొదలైన ముంబయి మారథాన్‌లో డ్రీమ్ రన్ అనే చిన్న పరుగు ఉంది, అందులోనూ వేషాలే వేషాలు. మనకు మాత్రం వేషాలు కొత్తనా? పగటి వేషగాళ్ళు ఊరికి వస్తే బడి పిల్లలను పట్టి కూర్చోబెట్టలేక మేము పడ్డ పాట్లు మీలో ఉన్న ఉపాధ్యాయులందరికీ గుర్తే. పీర్ల పండుగకు పులివేషం కట్టినవాళ్ళు గద్వాల వీధుల్లో ఆడిన ఆటకు పది కిలోమీటర్ల పరుగంత బలం కావాలి.

చీరతో పరుగెత్తిన వారూ ఉన్నారు. హైదరాబాదుకు చెందిన జయంతి సంపత్ కుమార్ గారు 2017 ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ మొత్తం, అంటే నలభై రెండు కిలోమీటర్లు, చీరలోనే పూర్తిచేశారు. అప్పటికి ఆమె వయసు నలభై నాలుగు. ఐదు గంటలలోపే ముగించారు. చేనేతకు ప్రచారం రావాలనేది ఆమె ఉద్దేశాలలో ఒకటి. 2023 ఏప్రిల్‌లో మధుస్మిత జెనా అనే ఒడియా మహిళ ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో సంబల్‌పురి చీర కట్టుకొని మారథాన్ చేశారు. మనవరాలు ఈ ఫొటోలన్నీ నాకు పంపింది. నలభై రెండు ఎక్కడ, ఐదు ఎక్కడ! ఇక నేను కాదనలేకపోయాను.

ఏ చీర కట్టాలన్నదే చిక్కు. మాది నేత కుటుంబమని మీకు తెలుసు. నేసేవాళ్ళింట్లో గద్వాల చీర ఉండదు. నూలు, పట్టు, జరీ యజమాని ఇస్తాడు, చీర నేసి తీసుకుపోయి అప్పజెప్పి కూలి తెచ్చుకోవాలి. మా అమ్మ జన్మంతా కట్టింది ముతక నూలు చీర, అదీ గోచి పెట్టి. నాకు ఉద్యోగం వచ్చింది 1981లో. మరుసటి సంవత్సరం కొంత సొమ్ము కూడబెట్టి మా నాన్న చేతిలో పెట్టి, "నాకొక చీర నెయ్యి నాన్నా" అన్నాను. సరుకుకు మాత్రం డబ్బు తీసుకున్నాడు. కూలి తీసుకోలేదు.

గద్వాల చీర తెలియనివారు ఇక్కడ ఉండరు గానీ, వెంట వచ్చిన పిల్లల కోసం చెబుతాను. ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పడుగును, పట్టు పడుగును కలిపే చోటే ఉంది పనితనమంతా. అంచుకు ఒక నాడె, ఒడలుకు ఒక నాడె, అవతలి అంచుకు ఇంకొకటి. ఈ మూడింటినీ ఒక్కరు నడపడం కష్టం, మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. ఆ కలయికను కుప్పడం అంటాం. అంచు రంగు ఒడలులోకి రాకూడదు, ఒడలు రంగు అంచులోకి పోకూడదు, అతుకు విడిపోకూడదు. 2010లో ఈ చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి మగ్గాలకు అంతకు చాలా ముందే మర్యాద ఉంది. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల సంస్థానం పక్షాన వెళ్ళే ఏరువాడ జోడు పంచెలను మన నేతగాళ్ళు మండలం రోజులు నియమంతో నేస్తారు.

నా చీర నేసినప్పుడు మగ్గం మీద నాన్న పక్కన కూర్చున్నది మా తమ్ముడు. వాడికి అప్పుడు పదహారేళ్ళు. బడి మానేసి మగ్గం గుంటలో దిగాడు. నేను టీచరునై కూడా సొంత తమ్ముణ్ణి బడిలో నిలబెట్టలేకపోయాను. 2011 జనగణనలో అక్షరాస్యతలో మన గట్టు మండలం అట్టడుగున ఉందని పత్రికల్లో వచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తుకొచ్చేది వాడే.

ఆ చీర కట్టుకుంటానని చెబితే వాడు గట్టిగా కాదన్నాడు. "ఉరుకుడేందక్కా? నాయిన చేతి చీర అది. రోడ్డు మీద ఈడ్చి పాడు జేస్తవా? బజార్ల యాభై చీరలున్నయి, ఒగటి కొనుక్కపో" అన్నాడు. నేనేమీ అనలేదు. నిజానికి నా దగ్గర జవాబు లేదు. గడిలో "గద్వాల చీర" అని రాసిన తరువాత మరమగ్గం చీర కట్టుకుపోవడానికి మనసు ఒప్పలేదు, అంతే.

ఇక సాధన. జూన్ నుంచి తెల్లవారుజామున ఉన్నత పాఠశాల మైదానంలో నడక మొదలుపెట్టాను. మొదటి వారం చూసినవారంతా, "టీచరమ్మా, షుగర్ వచ్చిందా?" అని అడిగారు. మన దగ్గర పెద్దవాళ్ళు ఊరికే నడవరు, డాక్టరు చెబితేనే నడుస్తారు. డాక్టరు దగ్గరకు నేనూ పోయాను. గద్వాలలో బి.పి. చూపించుకొని, ఇ.సి.జి. తీయించుకున్నాను. ఇది మీరంతా గమనించండి. మన వయసులో పరీక్షలు చేయించుకోకుండా పరుగులకు దిగవద్దు. డాక్టరు గారు, "ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. మాట్లాడుతూ ఉరకగలిగినంత వేగమే మీకు చాలు" అన్నారు. మాట్లాడటం ముప్పై ఐదేళ్ళ అలవాటు కాబట్టి ఆ లెక్క నాకు సులువుగా కుదిరింది.

చీర సంగతులు ఆడవాళ్ళకు చెబుతాను, మగవాళ్ళు ఓపిక పట్టాలి. పాత నూలు చీరతో సాధన చేశాను. లంగా నాలుగు అంగుళాలు పైకి కట్టాలి, మడమ పూర్తిగా కనబడాలి. కుచ్చిళ్ళు తక్కువ పెట్టి లోపలికి గట్టిగా దోపాలి. కొంగు చుట్టి నడుముకు బిగించాలి. కింద బూట్లు. అద్దంలో చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. పరుగులో ప్రతి ఒక్కరికీ ఒక నంబరు కాగితం ఇస్తారు, దానిని నాలుగు పిన్నీసులతో రొమ్ము మీద గుచ్చుకోవాలి. పట్టు మీద పిన్నీసు గుచ్చితే పోగు తెగుతుంది. నేను ఒక నూలు గుడ్డ పట్టీకి ఆ కాగితం కుట్టి నడుముకు కట్టుకున్నాను. అక్కడి పిల్లలు అది చూసి, ఇదేదో బాగుందని ఫొటోలు తీసుకున్నారు.

శనివారం గద్వాల దాకా బస్సులో, అక్కణ్ణుంచి కాచిగూడకు రైలులో వెళ్ళాను. చీరను తెల్లగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను, సంచిలో పెట్టలేదు.

ఆదివారం ఉదయం ఆరింటికి అక్కడ చూడాలి! హనుమంతుడు గద భుజాన వేసుకొని టీ తాగుతున్నాడు. ఒక పోతరాజు బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఒకాయన బతుకమ్మను తల మీద పెట్టుకొని వచ్చాడు, అట్టతో చేసిందే గానీ బరువుగానే ఉన్నట్టుంది. వీపున బొమ్మ బిడ్డను కట్టుకొని, చేతిలో డాలుతో ఝాన్సీ లక్ష్మీబాయి ఉంది. ఆ గుంపులో నన్ను చూసి ఒక చిన్న పిల్లవాడు వాళ్ళమ్మను, "ఈమెది ఏం వేషం?" అని అడిగాడు. ఆమె తడుముకొని, "టీచర్" అంది. నేను ఏమీ చెప్పకుండానే ఎట్లా తెలిసిందో మరి!

మొదటి కిలోమీటరు బాగానే సాగింది. పైన ముసురు. తడిసిన కొద్దీ చీర బరువెక్కింది. మళ్ళే చోట గుంపు ఒరుసుకుంటూ తిరుగుతుండగా వెనుక నుంచి ఎవరిదో బూటు నా అంచు మీద పడింది. నేను ముందుకు కదిలాను, చీర ఆగిపోయింది. పర్రుమని చప్పుడు వినిపించింది. నా గుండె ఆగినంత పనైంది. కుప్పడమే విడిపోయిందనుకున్నాను. నాన్న గుర్తుకు రాలేదు. "చెప్పలేదా అక్కా" అని తమ్ముడు అనబోయే మాటే చెవుల్లో వినబడింది.

కుచ్చిళ్ళు ఊడి చేతిలోకి వచ్చాయి. మనవరాలు చాలా ముందు వెళ్ళిపోయింది. రోడ్డు పక్కకు తప్పుకొని నిలబడితే, ఆ ఝాన్సీ లక్ష్మీబాయి ఆగి తన డాలు నాకు అడ్డం పట్టింది. హనుమంతుడు ఇటు వీపు పెట్టి నిలబడి వచ్చేవాళ్ళను గదతో అటు పొమ్మని చూపించాడు. ఆ చాటున నేను కుచ్చిళ్ళు మళ్ళీ పెట్టుకున్నాను. చిరిగింది ఎంతో చూసుకునే ధైర్యం లేక అట్లాగే దోపేశాను. వాళ్ళ పేర్లు కూడా అడగలేదు. ఆ తరువాత వాళ్ళ కోసం వెతికాను గానీ, వేషాలు తీసేస్తే ఎవరు ఎవరో ఎట్లా తెలుస్తుంది?

మిగిలిన దారి చాలావరకు నడిచాను. పరుగు పరుగు అని అందరూ గొప్పగా చెబుతున్నారు గానీ సగం పైగా నడకే, సభలో దాచడమెందుకు? యాభై రెండు నిమిషాలు పట్టింది. మెడలో పతకం వేశారు. అది వచ్చిన అందరికీ వేస్తారు లెండి.

చివరన నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి చీర పట్టి చూశారు. ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ఒకామె ధర అడిగింది. ఇప్పటి ధర చెప్పాను. "ఆన్‌లైన్‌లో ఇట్లాంటిదే ఎనిమిది వందలకు వస్తుంది కదా ఆంటీ" అంది. అది మరమగ్గం మీదిదమ్మా అని అంచు వెనక్కి తిప్పి చూపించాను. చూసింది, మరి కొన్నదో లేదో తెలియదు.

సోమవారం గట్టుకు వచ్చి నేరుగా తమ్ముడి ఇంటికే పోయాను. వాడు మగ్గం గుంటలో ఉన్నాడు, పక్కన మరదలు. కొడుకులిద్దరూ నేతలోకి రాలేదు, ఇప్పుడు రెండో చెయ్యి ఆమెదే. చీర ఒళ్ళో పెట్టి, చిరిగింది అని మాత్రం అన్నాను. వాడు దిగిన చోటనే దానిని వెలుతురుకు పట్టి, అంచు వెంట వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా జరిపాడు. చాలా సేపు పట్టింది. "కుప్పడం చెక్కు చెదరలే. ఊడింది ఫాలు కుట్టక్కా. టైలరోడు నాసిరకం దారమేసిండు" అన్నాడు.

తరువాత కొంగు దగ్గర ఒక చోట ఆగి నాకు చూపించాడు. సన్నగా, పోగు తప్పిన గీత ఒకటి ఉంది. నలభై ఏళ్ళుగా కడుతున్నా నేనెప్పుడూ చూడలేదు. "ఇది నాది. ఆ పొద్దు నాయిన నెత్తి మీద మొట్టిండు" అన్నాడు. మరదలు నవ్వింది.

పోయి కాళ్ళు కడుక్కొని వచ్చేసరికి ఎంతమంది అడిగారని అడిగాడు. చెప్పాను. ఎనిమిది వందల సంగతీ చెప్పాను. ఏమీ అనలేదు, నాడె తీసుకొని మళ్ళీ కూర్చున్నాడు. రెండు వరుసలు వేశాక, "వచ్చే యేడు గూడ పోతవా?" అన్నాడు. పోతానన్నాను. "అయితే ఆ ఫాలు యాడ కుట్టించకు. ఈడ పెట్టిపో, పట్టుదారంతో నేను కుడ్త" అన్నాడు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, వంటశాల నుంచి వాసనలూ వస్తున్నాయి.  వచ్చే ఏడాది నాతో రాదలచిన వారు కార్యదర్శి గారికి పేరు ఇవ్వండి. వేషం గడిలో ఏం రాయాలో మాత్రం ఎవరిది వారే చూసుకోవాలి. సెలవు.