పేరులేని ముఖములు



ఉషాపరిణయ కథ మనలో ఎరుగనివారు లేరు. కలలో కనిపించిన పురుషుడెవడో తెలియక ఉష పరితపింపగా, చెలికత్తె చిత్రరేఖ రాజకుమారుల రూపములన్నియు పటమున వ్రాసి చూపెను. అనిరుద్ధుని రూపము చూడగానే ఉష గుర్తించెను. ఒక్కనిని కనుగొనుటకై అందరిని చిత్రించిన కథ అది. సంఘమంతటిని కనుగొనుటకై ఒక్కొక్కరిని చిత్రించినవాడు జర్మనీ దేశమున ఒకడుండెను. అతడు ఆగస్ట్ సాండర్. అతని సాధనము కెమెరా.

సాండర్ 1876లో హెర్డార్ఫ్ అను గనుల ఊరిలో పుట్టెను. తండ్రి గనిలో వడ్రంగి. తానును చిన్ననాడు గనిలో పనిచేసెను. పిదప కొలోన్ నగరమున స్టూడియో పెట్టినను, పల్లెలకు పోయి అచ్చటి జనులను వారున్న చోటనే నిలిపి తీసెడివాడు. 'ఇరువదవ శతాబ్దపు జనులు' అను పేర రైతులు, చేతిపనివారు, స్త్రీలు, కళాకారులు మున్నగు ఏడు భాగములుగా ఆ చిత్రములను కూర్చెను. స్త్రీలను ఒక వృత్తివలె వేరుగా కట్టుట మాత్రము మెచ్చదగినది కాదు.

చిత్రముల క్రింద పేరుండదు; పని మాత్రమే ఉండును. 1928 నాటి మిఠాయి వంటవానిని చూడుడు. తెల్లని పొడవు అంగీ, గుండ్రని దేహము, ముందర పెద్ద గిన్నె. చూపులో సంస్థానాధిపతి ఠీవి! ఇటుకలు మోయు కూలివాడును అంత నిబ్బరముగనే నిలిచెను. 1914లో తీసిన 'యువరైతులు' నల్లని సూట్లు తొడిగి, టోపీలు పెట్టి, చేతికఱ్ఱలు పట్టి నాట్యమునకు పోవుచున్నారు. నిజమునకు వారు రైతులు కారు, గని ఉద్యోగులని తరువాత తేలినది. పద్దు తప్పినను ముఖము తప్పలేదు.

1929లో అఱువది చిత్రములతో 'కాలముఖము' అను గ్రంథము వెలువడెను. అందలి చివరి చిత్రము పనిలేని మనుష్యునిది. జాతికంతకును ఒకే మూస ముఖము కావలెనన్న నాజీలకు అది గిట్టునా? 1936లో దాని అచ్చుపలకలను నాశనము చేయించిరి.

1938 ప్రాంతమున యూదులు గుర్తింపు పత్రములకై అతని యొద్దకు వచ్చి చిత్రములు తీయించుకొనిరి. వారిని వేరుచేయుటకు ఉద్దేశించిన పత్రములవి. వంటవానికిచ్చిన గౌరవమునే వారికిని ఇచ్చి, ఆ చిత్రములను తన సంచయమున 'పీడితులు' అని చేర్చెను.

కుమారుడు ఎరిక్ నాజీలనెదిరించి 1934లో చెఱసాల పాలయ్యెను. అచ్చటనే తోటి ఖైదీల చిత్రములు తీసెను. పదియేండ్ల శిక్ష ముగియకమునుపే, 1944లో మరణించెను. ఆ చిత్రములను తండ్రి భద్రపరచెను. జైలుగదిలో బల్లచెంత ఎరిక్ కూర్చున్న చిత్రమొకటి అందున్నది. దానిక్రిందను, తక్కినవారికివలెనే, పేరు లేదు. 'రాజకీయ ఖైదీ' అని మాత్రమే ఉన్నది.