లెక్క అడుగుటకు సిగ్గుపడకుడి
(రేడియో ప్రసంగ పాఠం)

ఈ ఉదయం మీరు రేడియో వింటూ ఉండగా మీ కాళ్ల దగ్గర ఒక కుక్కో, పిల్లో పడుకొని ఉండవచ్చు. ఈ రోజు మనం ధ్యానించబోయేది దానిని గూర్చియే. "అయ్యగారు వాక్యం చెప్పక కుక్కల సంగతి ఎందుకు ఎత్తారు?" అనుకోకండి. ఒక ఉత్తరం నా చేత ఈ మాటలు చెప్పిస్తున్నది.

గుంటూరు జిల్లా నుండి ఒక సహోదరి వ్రాశారు. భర్త లేరు, పింఛను మీద జీవనం. తొమ్మిదేండ్లుగా పెంచుకున్న కుక్క వెనుక కాలు నేల మీద మోపడం లేదు. పట్నంలో స్పెషలిస్టు డాక్టరు పరీక్షించి, మోకాలిలో లిగమెంటు తెగిందని, ఆపరేషనుకు ఎనభై అయిదు వేలు అవుతుందని చెప్పారట. "మనుషులకే దిక్కు లేదు, కుక్కకు అంత డబ్బా?" అని కొడుకు కసురుకున్నాడట. ఆమె తన గాజులు తాకట్టు పెట్టాలని చూస్తున్నారు. ఉత్తరం చివర ఒక ప్రశ్న అడిగారు: "ఆపరేషను చేయించలేకపోతే నేను దేవుని యెదుట దోషినా?"

ముందుగా ఆ కుమారునికి ఒక మాట. రెండవ సమూయేలు 12వ అధ్యాయంలో నాతాను ప్రవక్త దావీదుకు ఒక బీదవాని కథ చెప్పాడు. వానికున్నది ఒక్కటే గొఱ్ఱెపిల్ల. అది వాని ముద్దలో ముద్ద తిని, వాని ఒడిలో పడుకొని, కూతురివలె పెరిగింది. దావీదు ఆ కథ విని నవ్వాడా? గొఱ్ఱె కోసం ఇంత రభస ఎందుకన్నాడా? లేదు, ఆ గొఱ్ఱెపిల్లను లాగుకొన్నవాని మీద కోపంతో మండిపడ్డాడు. కనుక మీ అమ్మగారి కన్నీటిని చిన్నచూపు చూడకండి.

ఇప్పుడు సహోదరీ, మీతో. నీతిమంతుడు తన పశువు ప్రాణం గూర్చి శ్రద్ధ వహిస్తాడని సామెతలు 12వ అధ్యాయం 10వ వచనం బోధిస్తున్నది. అయితే గమనించండి, అక్కడ అడిగినది శ్రద్ధ. ఎనభై అయిదు వేల రసీదు కాదు. దాని బాధ తగ్గించడం మన బాధ్యత. అత్యంత ఖరీదైన దారినే పోవాలనే ఆజ్ఞ ఎక్కడా లేదు.

నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. నేను కొత్తగా పాస్టరునైన రోజుల్లో మా ఇంట ఒక ఆడకుక్క ఉండేది. ఎదకు వచ్చి వెళ్లిన నెలకు తిండి మానేసి, నీళ్లు మాత్రం విపరీతంగా తాగసాగింది. గర్భసంచిలో చీము పట్టింది, వెంటనే ఆపరేషను చేయాలన్నారు డాక్టరు. నా జేబులో ఉన్నది తక్కువ. "ఎంతవుతుంది? తక్కువలో చేసే చోటు ఉందా?" అని అడగడానికి సిగ్గుపడ్డాను. పాస్టరు డబ్బు లేదని చెప్పుకోవడమేమిటి అనుకున్నాను. రేపు వస్తానని చెప్పి ఇంటికి తెచ్చాను. మూడవ రోజున అది చనిపోయింది. వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో అదే ఆపరేషను నేను భరించగల ఖర్చుతో చేస్తారని ఆ తరువాత తెలిసింది. దానిని చంపినది నా పేదరికం కాదు, నా సిగ్గు.

ఈ వైద్యం ఎందుకంత ఖరీదు? మత్తు ఇచ్చే యంత్రాలు, స్కానింగులు, ఎముకకు బిగించే ప్లేట్లు, ప్రత్యేకంగా చదివిన సర్జన్లు, ఇవన్నీ మనుషుల ఆసుపత్రిలో వలెనే కావాలి. కానీ మనకున్నట్లు ప్రభుత్వ ఆరోగ్య కార్డు వాటికి లేదు. మొత్తం భారం యజమాని మీదనే పడుతుంది. డాక్టరు మీద కోపపడి లాభం లేదు.

గోపురం కట్టగోరినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు లూకా 14వ అధ్యాయంలో చెప్పాడు. మీరూ కూర్చోండి. పరీక్షలకు, మత్తుకు, ఆపరేషనుకు, మందులకు, మళ్లీ తీసే ఎక్స్‌రేకు ఎంతెంత అవుతుందో డాక్టరును కాగితం మీద వ్రాసి ఇమ్మనండి. నయమయ్యే అవకాశం ఎంతో అడగండి. తరువాత "ఇంకో దారి ఉందా?" అని అడగండి. లిగమెంటు తెగినప్పుడు ఎముక కోసి ప్లేటు వేసే ఆపరేషను ఒకటి. కీలు వెలుపల గట్టి దారంతో బిగించే ఆపరేషను ఇంకొకటి, దానికి సాధారణంగా ఖర్చు తక్కువ. బరువు తక్కువున్న చిన్న కుక్కలలో కొన్ని వారాల కట్టడి విశ్రాంతి, బరువు తగ్గించడం, డాక్టరు వ్రాసిన నొప్పి మందులతోనే చాలా వరకు కోలుకునేవీ ఉన్నాయి. మీ కుక్కకు ఏది తగునో డాక్టరే చెప్పాలి, కానీ అడగవలసినది మీరు.

హైదరాబాదులో రాజేంద్రనగర్, ఆంధ్రలో తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు ఉన్నాయి. రిపోర్టులన్నీ పట్టుకొని ఉదయమే వెళ్లండి. వరుసలో కూర్చోవలసి రావచ్చు, ఓపిక పట్టండి. డబ్బు విడతలుగా కట్టవచ్చా అని ఎక్కడైనా అడగండి. ఐదు రూపాయల వడ్డీకి మాత్రం అప్పు తేకండి. ఒక ముఖ్యమైన హెచ్చరిక: ఇంట్లో ఉన్న మన నొప్పి బిళ్లలు వేయకండి. పారాసిటమాల్ ఒక్క బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదు. ఐబూప్రోఫెన్ కుక్కలకు విషం వంటిది.

మీ జంతువు ఇప్పుడు ఆరోగ్యంగా ఉందా? ఈ రోజే ఆలోచించండి. నెలకు కొంత వేరే డబ్బాలో వేయండి. కుక్కలకూ బీమా పాలసీలు ఉన్నాయి, కానీ జబ్బు వచ్చాక ఆ జబ్బుకు తీసుకుంటే పనికిరావు. ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా సకాలంలో ఆపరేషను చేయిస్తే, మా కుక్కకు వచ్చిన ఆ చీము జబ్బు రాకుండా తప్పించవచ్చు.

అన్నీ అడిగాక కూడా ఏ దారీ లేదని తేలితే? నొప్పి తీరే ఆశ లేనప్పుడు, దానిని బాధ లేకుండా నిద్రపుచ్చమని డాక్టరు సలహా ఇవ్వవచ్చు. ఆ నిర్ణయం కన్నీళ్లతో తీసుకున్నవారిని నేను దోషులనను. ఆ చివరి గడియలో దాని తల మీద చెయ్యి వేసి పక్కనే ఉండండి.

ఆ సహోదరి మళ్లీ వ్రాశారు. గాజులు తాకట్టు పెట్టలేదు. కుమారుడే ఆటోలో గన్నవరం తీసుకువెళ్లాడట. పదకొండు కిలోల కుక్క గనుక ముందు విశ్రాంతి ఇచ్చి చూద్దామన్నారు అక్కడి డాక్టర్లు. ఎనిమిది వారాలు గడిచాయి. ఇంకా కొంచెం కుంటుతున్నది, అయినా గేటు వరకు నడిచి వస్తున్నదట.

ప్రియ శ్రోతలారా, మీ ప్రేమను బిల్లుతో కొలవకండి. అడుగుటకు సిగ్గుపడకండి. పిచ్చుకను సైతం మరువని దేవుడు మీకు తగిన జ్ఞానము అనుగ్రహించును గాక. ఆమేన్.