ఇల్లు లేకున్నా పాతర ఉంది

(సంఘం మండల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)



విత్తనం గురించి మాట్లాడమన్నారు. నేను అమెరికా నుంచి మొదలుపెడతా, నవ్వకండి. మనం వేసే మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికో. సుమారు 9,000 ఏళ్ల కిందట ఒక అడవి గడ్డిని అక్కడి రైతులు పంటగా మార్చారు. ఆ గింజ చేతులు మారుతూ ఉత్తరానికి పోయి, దాదాపు 4,000 ఏళ్ల కిందట ఇప్పటి ఆరిజోనా, న్యూమెక్సికో ప్రాంతాలకు చేరింది. అక్కడ చాలాచోట్ల మన అనంతపురం కన్నా వాన తక్కువ. ఎత్తు ప్రాంతం, చలి త్వరగా వచ్చేస్తుంది. ఏటా బతికిన కంకినే విత్తనానికి ఉంచి, తరతరాలుగా దాన్ని ఆ నేలకు అలవాటు చేశారు.

వాళ్లే ప్యూబ్లో ప్రజల పూర్వీకులు. ప్యూబ్లో అంటే స్పానిష్‌లో ఊరు. మీసా వెర్డేలో కొండచరియ కింద కట్టిన రాతి మేడల ఫోటో మీలో కొందరు చూసే ఉంటారు. అవి 1200 తర్వాతి కట్టడాలు. అందరూ వాటినే చూస్తారు. నాకు ఆసక్తి అంతకు వెయ్యేళ్లు ముందున్న వాళ్లమీద. వాళ్లకు కుండ లేదు. బుట్టకు జిగురు పూసి నీళ్లు మోశారు, కాల్చిన రాళ్లు వేసి బుట్టలోనే వండుకున్నారు. అందుకే పరిశోధకులు వాళ్లను బుట్టలల్లినవాళ్లు అన్నారు.

కుండ లేదు గానీ పాతర ఉంది! గుహల్లో నేల తవ్వి, చుట్టూ రాతిపలకలు నిలబెట్టి మక్కలు దాచారు. ఇల్లు అనదగ్గ ఆనవాళ్లు లేని గుహల్లోనూ పాతరలు దొరికాయి. ఖాళీ అయిన పాతరల్లోనే తమవాళ్లను పూడ్చుకున్నారు కూడా. కుండలు, చిక్కుడు గింజలు, పెద్ద ఊళ్లు, అన్నీ తర్వాతే.

1276 నుంచి 1299 దాకా పెద్ద కరువొచ్చింది. మేడలు వదిలి దక్షిణానికి వెళ్లిపోయారు. మాయమయ్యారని రాస్తారు, అది తప్పు. వాళ్ల వారసులైన హోపీ రైతులు ఈనాటికీ బోరు లేకుండా, కర్రతో లోతుగా తవ్వి, పదును తగిలేచోట ఒక్కో గుంతలో పదేసి గింజలు వేస్తారు. విత్తనం వాళ్ల ఇంటిదే.

మా నాయన కాలంలో మా ఇంట్లో జొన్న పాతర ఉండేది. పూడ్చింది నేనే. తర్వాత ఒక ఏడాది కొన్న సంచిలో సగం మొలవలేదు. అడగబోతే రశీదు చూపమన్నారు.

ఇంటి విత్తనం ఇంకా ఉన్నవాళ్లు భోజనాల తర్వాత ఆగండి. ఎవరి దగ్గర ఏ గింజ ఉందో రాసుకుందాం.