గృహములందలి యీతకొలనులలో నీరు మాటిమాటికి కలకబారుట: కారణములు, నివారణోపాయములు
(పురపాలక, తాలూకా యుద్యోగుల యెదుట చేయుటకైన యుపన్యాసము)



స్వంత యీతకొలనులు గల యిండ్లలో నీరు కలకబారుట, మందు వేయగా రెండు మూడు దినములు తేటపడి మరల కలకబారుట సామాన్యమైన ఫిర్యాదు. ఇట్టి కలకకు ప్రతిపర్యాయము మఱికొంత మందు చల్లుట చికిత్స గాదు. కారణమును గుర్తించి తొలగించుటయే చికిత్స.

ఇది కంటి కింపైన విషయము మాత్రమే కాదు. కలకనీట మునిగిన పిల్లవాడు గట్టుమీదివారికి కనబడడు. కలక కణముల చాటున సూక్ష్మజీవులు క్లోరిను ధాటిని తప్పించుకొనును. కావున మిక్కిలి లోతైన చోట అడుగునగల తూము జాలీ గట్టుమీదినుండి స్పష్టముగా కానరానియెడల, కారణవిచారణకు పూర్వమే స్నానములు నిలిపివేయవలెనని గృహయజమానునకు చెప్పవలెను.

పిమ్మట మూడు పరీక్షలు చేయవలెను. మొదటిది: గాజుపాత్రలో కొలనునీరు పట్టి, తెల్లని వెనిగరు కొంచెము చేర్చవలెను. కలక విరిగినచో సున్నము కారణము. రెండవది: వేఱొక పాత్రలోని నీటిని ఒక రాత్రి కదల్పక యుంచవలెను. అడుగున మడ్డి పేరి పైనీరు తేరినచో ధూళియో చచ్చిన పాచియో కారణము. వడపోతయందు లోపము గలదని గ్రహింపవలెను. మూడవది: ప్రొద్దుక్రుంకిన పిమ్మట క్లోరినును కొలిచి, రాత్రి యెవ్వరును దిగకుండ, ఏ మందును వేయకుండ ఉంచి, సూర్యోదయమునకు ముందు మరల కొలువవలెను. రాత్రి యెండ లేదు గనుక తరుగుదల స్వల్పముగా నుండవలెను. లీటరునకు 1 మిల్లీగ్రామునకు మించి తరిగినచో పాచియో, దేహమాలిన్యమో క్లోరినును హరించుచున్నదని తెలియవలెను.

ఇక కారణముల వివరము. క్లోరిను లీటరునకు 1 మిల్లీగ్రామునకు తగ్గరాదు. సయన్యూరిక్ ఆమ్లము వాడు కొలనులలో 2 మిల్లీగ్రాములకు తగ్గరాదు. పీహెచ్ అను కొలత 7.0 మొదలు 7.8 వఱకు నుండవలెను. ఆ కొలత 7.5 వద్ద క్లోరినులో ఇంచుమించు సగము మాత్రమే చుఱుకైన రూపమున నుండును; 8 వద్ద నాలుగవవంతు మాత్రమే. కావున క్లోరిను చాలినంత గలదని పరీక్షలో కనబడినను పని జరుగకపోవచ్చును.

బిళ్లల రూపమున వేయు క్లోరినువలన మఱియొక చిక్కు గలదు. ఆ బిళ్లలలో సయన్యూరిక్ ఆమ్లము చేరియుండును. అది క్లోరినును ఎండనుండి కాపాడును గాని తాను ఆవిరికాదు, ఖర్చుపడదు. బిళ్లలవలన లీటరునకు 10 మిల్లీగ్రాముల క్లోరిను చేరినప్పుడెల్ల ఈ యామ్లము సుమారు 6 మిల్లీగ్రాములు చేరును. నెలలు గడచినకొలది అది పేరుకొని క్లోరినును బంధించును. మరల మరల వచ్చు కలకకు కారణమై, తఱచుగా గుర్తింపబడనిది ఇదియే. కొంత నీటిని తీసివేసి క్రొత్తనీరు నింపి, బిళ్లలకు మాఱుగా ద్రవరూపమైన సోడియం హైపోక్లోరైటు వాడుట దీనికి తగిన యుపాయము.

సున్నము కారణమైనచో, బోరునీటి కఠినత్వమును విచారింపవలెను. కాల్షియం హైపోక్లోరైటు వాడుకవలన సున్నము హెచ్చును. పీహెచ్ హెచ్చినప్పుడది తెల్లని పొడిగా విడివడును. హైడ్రోక్లోరిక్ ఆమ్లముతో పీహెచ్‌ను 7.2, 7.6 నడుమకు దింపవలెను.

వడపోత లోపించినచో, పంపు దినమునకు ఎన్ని గంటలు నడుచుచున్నదో అడుగవలెను. గృహముల కొలనులకు సుమారు 8 గంటలు సామాన్యముగా వలయును. ఇసుక ఫిల్టరు కడిగినప్పటి యొత్తిడికంటె చదరపు అంగుళమునకు 8 మొదలు 10 పౌనులు హెచ్చినచో, నీటిని ఎదురుత్రోవను పంపి యిసుకను కడుగవలెను. ఇసుకకు చిక్కని నలుసులకు పటిక వేయవచ్చును. పల్లెలలో చిల్లగింజ అరగదీసి బురదనీటిని తేర్చినట్లే, ఇదియు నలుసులను కూడజేసి అడుగునకు దింపును. ఆ మడ్డిని ఫిల్టరులోనికి పోనీయక వెలుపలికి తీసివేయవలెను.

మందులను ఒకదానితో నొకటి కలుపరాదు. ఆమ్లము, క్లోరిను మందు కలిసిన విషవాయువు పుట్టును. బిళ్లల క్లోరిను, కాల్షియం హైపోక్లోరైటు కలిసిన అగ్నిప్రమాదము కలుగవచ్చును. ఆమ్లమును నీటిలో పోయవలెనే గాని ఆమ్లములో నీరు పోయరాదు.

తేటనీరైనను సర్వదా నిరపాయము గాదు. అతిసారము గలవారు దిగినచో క్రిప్టోస్పోరిడియం అను జీవి, సరియైన క్లోరిను గల నీటిలోను 7 దినములకు మించి బ్రదుకగలదు. కావున విరేచనములు గలవారిని దిగనీయరాదు.

ఉద్యోగి యజమానునకు ఒక పుస్తకము నిర్దేశింపవలెను: తేది, క్లోరిను, పీహెచ్, ఒత్తిడి, పంపు నడచిన గంటలు, వేసిన మందు, దాని తూకము. వారము తరువాత మరల పోయి, ఆ పుస్తకమును, అడుగున జాలీ కనబడుచున్నదో లేదో చూడవలెను. కలక తిరిగి వచ్చినచో ఏ దినమున, ఏ మార్పు పిమ్మట వచ్చినదో ఆ పుటలోనే కానవచ్చును.