శిక్షా నిర్ణయము: క్రింది కోర్టు విచక్షణ, పై కోర్టు బాధ్యత
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠము)



డెబ్బదియైదు ఏండ్లు నిండిన పాఠశాల ప్రాంగణమున న్యాయస్థానముల ప్రస్తావన ఏల అని కొందరికి తోచవచ్చును. కాని శిక్ష అను మాటతో ప్రతి మనిషికి తొలి పరిచయము బడిలోనే కలుగుచున్నది. తరగతి ఉపాధ్యాయుడు ఒక పిల్లవానిని దండించినాడు. తండ్రి వచ్చి ప్రధానోపాధ్యాయునితో మొర పెట్టుకొన్నాడు. "నేనైతే ఇంత దండన వేసియుండను" అన్న ఒక్క కారణముతో ప్రధానోపాధ్యాయుడు దానిని మార్చవచ్చునా? అట్లు మార్చినచో మరునాటి నుండి ఆ ఉపాధ్యాయుని మాట తరగతిలో చెల్లదు. ఎన్నడును మార్చకున్నచో పిల్లవానికి దిక్కు లేదు. అప్పీలు వినెడి న్యాయస్థానముల ముందున్న చిక్కు కూడ ఇదియే.

చాల నేరములకు చట్టము శిక్షయొక్క పై హద్దును మాత్రమే నిర్ణయించుచున్నది. ఆ హద్దునకు లోబడి ఆరు నెలలా, ఆరేండ్లా అని తేల్చుట విచారణ జరిపిన న్యాయమూర్తి పని. శిక్షను కొలుచుటకు నిర్దిష్టమైన మార్గదర్శక సూత్రములు మన దేశమున ఏర్పడలేదని సుప్రీంకోర్టే 2008లోను, 2012లోను పేర్కొన్నది. కనుక ఆ న్యాయమూర్తి విచక్షణయే ప్రధానమగుచున్నది.

ఆ విచక్షణకు పై కోర్టు విలువ నిచ్చుటకు బలమైన కారణము కలదు. సెషన్స్ జడ్జి సాక్షిని కన్నులార చూచును, అతని తడబాటును చెవులార వినును. బోనులో నిలిచిన మనిషి ముఖమున పశ్చాత్తాపము కలదో లేదో గమనించును. హైకోర్టు చేతికి అందునది కాగితముల కట్ట మాత్రమే. 1955లో ఉత్తరప్రదేశ్ నుండి వచ్చిన ఒక అప్పీలులో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టము చేసినది. సెషన్స్ కోర్టు మూడేండ్ల శిక్ష విధింపగా హైకోర్టు దానిని పదేండ్లకు పెంచినది. శిక్ష కొట్టవచ్చినట్లు చాలనిదైనప్పుడే పెంపునకు పూనుకొనవలెనని చెప్పి, సుప్రీంకోర్టు మూడేండ్ల శిక్షనే నిలబెట్టినది. ముద్దాయికి తన మాట చెప్పుకొను అవకాశ మీయక శిక్షను పెంచరాదన్న నియమము చట్టములోనే కలదు.

అయితే ఈ గౌరవము న్యాయమూర్తి కూర్చున్న కుర్చీకి దక్కునది కాదు. విన్న చెవికి, వ్రాసిన కారణమునకు దక్కునది. 1974 ఏప్రిల్ 1 నుండి అమలైన క్రిమినల్ ప్రొసీజర్ కోడు, నేరము రుజువైన పిమ్మట శిక్ష విషయమై ముద్దాయిని ప్రత్యేకముగా వినవలెనని విధించినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోను ఈ నియమము నిలిచియున్నది. పంజాబులో ఒక సెషన్స్ జడ్జి ముద్దాయిని అట్లు వినకయే మరణశిక్ష విధించినాడు, హైకోర్టు ధ్రువీకరించినది. 1976లో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసి, ముద్దాయిని విని తిరిగి నిర్ణయింపుమని వ్యాజ్యమును సెషన్స్ కోర్టుకే పంపినది. వినని చోట విచక్షణ యనునది లేదని దాని సారాంశము.

కొత్త కోడు అమలునకు కొలది వారముల ముందు, 1974 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చిన మరియొక అప్పీలు గుర్తుంచుకొనదగినది. ఒక స్త్రీని, ఆమె బిడ్డను చంపిన నేరమునకు ఒక యువతికి ఉరిశిక్ష పడినది. నేరము ఘోరమే, జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్ దానిని తక్కువ చేసి చూపలేదు. కాని ఆమె లేత వయస్సు, అత్తవారింటి నుండి గెంటివేయబడిన దుఃస్థితి, ఆమెకు గల చిన్న కుమారుడు, ఉరి నీడలో గడచిన కాలము, వీని నన్నింటిని లెక్కించి శిక్షను యావజ్జీవ కారాగారమునకు తగ్గించినారు. క్రింది కోర్టు త్రాసులో పడని బరువులు పై కోర్టు త్రాసులో పడినవి.

మరణశిక్ష విషయములో హైకోర్టు ధ్రువీకరణ లేనిదే అది అమలు కారాదు. ముద్దాయి పూర్వజీవితము, మానసిక స్థితి మొదలగు వివరములను విచారణ దశలోనే సేకరింపవలెనని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించినది.

పరరాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారు ఇందు ప్రత్యేకముగా ఆలోచింపవలసిన అంశ మొకటి కలదు. పొట్ట చేతబట్టుకొని వచ్చిన ఒక కూలి బోనులో నిలిచినాడనుకొందము. అతనికి తెలియని భాషలో చెప్పిన సాక్ష్యమును తెలిసిన భాషలో వినిపింపవలెనని చట్టము చెప్పుచున్నది. అయినను "శిక్ష విషయమై చెప్పుకొనునది ఏమైనా కలదా?" అని అడిగినపుడు అతడు బిత్తరపోయి మౌనము వహించినచో, కాగితముపై "ఏమియు లేదు" అని పడును. ముసలి తల్లి, చదువుకొను బిడ్డలు, అంతవరకు మచ్చలేని నడవడి, ఇవేవియు ఆ కాగితమున ఉండవు. పై కోర్టు ఎంత శ్రద్ధగా చదివినను వ్రాయనిదానిని చదువలేదు కదా! ఈ బడిలో తెలుగు నేర్చి నల్లకోటు తొడిగినవారు ఆ క్షణమున అతని ప్రక్కన నిలిచి రెండు మాటలు అడిగి చెప్పించిన, అది మాతృభాషకు చేసిన సేవయే యగును.

ఇక ఆ ప్రధానోపాధ్యాయుని కడకు వత్తము. అతడు దండనను మార్చుటకు గాని, నిలుపుటకు గాని ముందు ఉపాధ్యాయుని అడుగవలసినది ఒక్కటే: "పిల్లవాడు చెప్పినది విన్నారా?" విన్నానని, ఈ కారణముచేత దండించితినని ఉపాధ్యాయుడు చెప్పగలిగినచో, ఆ మాటను గౌరవించుట ధర్మము. చెప్పలేనిచో పిల్లవానిని పిలిపించుట ధర్మము.