స్థూలకాయునికి తగిన రెక్క
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



గత సంవత్సరము పై తరగతుల బాలబాలికలకు నా పారాగ్లైడింగు రెక్కను ఈ ఆవరణలోనే పరచి చూపితిని. అందరును వెళ్ళిపోయిన పిదప ఒక బాలుడు వెనుక నిలిచి, మెల్లగా, "నావంటి లావుపాటివానిని కూడ ఎగురనిత్తురా అండీ?" అని యడిగెను. అందరి యెదుట అడుగబోయి, ప్రక్కవారు నవ్వుటచే మానుకొనెనట. నేను నా పొట్టను తట్టి చూపి, "నన్ను ఎగురనిచ్చినారు గదా, నాయనా!" అంటిని. అతడు నవ్వి వెళ్ళెను. కాని అది పూర్తి సమాధానము కాదు. ఇటీవల అతని తండ్రిగారు బజారులో కనిపించి అదే ప్రశ్న మరల వేసినారు. మిగిలిన సమాధానమును ఈ దినము మీ యందరి యెదుట చెప్పదలచితిని.

పారాగ్లైడరనగా గుడ్డతో కుట్టిన రెక్క. దానికి గట్టి చట్రము లేదు. ముందంచున గల నోళ్ళగుండ గాలి చొచ్చి లోపలి గదులను నింపగా అది రెక్క ఆకారమును పొందును. క్రింద సన్నని తాళ్ళు, తాళ్ళ చివర హార్నెసు అను ఆసనము, ఆసనములో మనిషి. 1978లో ఫ్రాన్సు దేశపు మియెస్సీ అను పల్లెలో కొందరు కొండవాలున పరుగెత్తి పారాచూటులతో ఎగిరిరి. ఈ విద్య వ్యాపించుట అచ్చటినుండియే. మనకు సమీపమున పూనా దాటిన తరువాత కామ్‌షేట్ కొండలున్నవి. వర్షకాలము పోయిన పిదప అచ్చట నేర్పుదురు. మగ్గము తెలిసిన మన షోలాపురము వారికి ఆ గుడ్డను చూచినంతనే ముచ్చట వేయును. అది సన్నని నైలాను నేత. నడుమ నడుమ పేకలోను పడుగులోను గట్టి పోగులు వేసి చిన్న చిన్న గళ్ళుగా నేసియుందురు. ఒకచోట చిరిగిన చిరుగు ఆ గడి దాటి సులువుగా పోదు. ఆ గుడ్డను నా మేనమామగారు వ్రేళ్ళతో నలిపి చూచి, "నేత మంచిదే, మోయవలసిన సరుకే ఎక్కువ" అనిరి.

ఇక అసలు విషయము. ప్రతి రెక్కలోపలను ఒక లేబిలు కుట్టియుండును. అది ఇన్ని కిలోలు మొదలు ఇన్ని కిలోల వరకు అని చెప్పును. అది మనిషి బరువు కాదు. మనిషి, రెక్క, హార్నెసు, రిజర్వు పారాచూటు, శిరస్త్రాణము, బూట్లు, చలికోటు, నీళ్ళసీసా, జేబులోని ఫోను, అన్నియు కలిసిన బరువు. సామానే పదునెనిమిది, ఇరువది కిలోలు కావచ్చును.

ఇచ్చట నా తప్పును చెప్పుకొనవలెను. నేను మొదట కొన్నది ఒకరు వాడి విడిచిన సామాను. అమ్మువాడు నా బరువెంతయని యడిగెను. చుట్టును పదిమంది పడుచువాండ్రు నిలిచియున్నారు. "తొంబదియైదు" అంటిని. అప్పటి నా బరువు నూటయారు. ఆ పదునొకండు కిలోలు సిగ్గుచే మ్రింగితిని. నేను చెప్పిన లెక్కకు 115 కిలోల రెక్క సరిగా సరిపోయెను. "ఒకవేళ కొంచెమెక్కువైనను భయము లేదు, దీనిని ఎనిమిది రెట్ల బరువుతో పరీక్షించియున్నారు" అని అతడు ధైర్యము కూడ చెప్పెను.

ఆ మాట అబద్ధము కాదు. ఐరోపా ప్రమాణము ప్రకారము రెక్కను దాని గరిష్ఠ బరువునకు ఎనిమిది రెట్ల భారము మోయించి చూతురు. నా 115 కిలోల రెక్క 920 కిలోలు తట్టుకొన్నదే. అది తెగదు. కాని ప్రశ్న తెగుటను గూర్చి కాదు, నడవడిని గూర్చి. ఆకాశమున రెక్క ముడుచుకొన్నచో ఎంత తిరుగును, ఎంతలో కోలుకొనును అను పరీక్షలు వేరుగా నున్నవి. వానిని పరీక్షకులు లేబిలులోని కనిష్ఠ బరువుతో ఒకమారు, గరిష్ఠ బరువుతో ఒకమారు ఎగిరి చేయుదురు. ఆ గరిష్ఠము దాటినచో ఆ రెక్క ఏమి చేయునో ఎవరును ఎగిరి చూచియుండరు. చూచువాడు మన కుమారుడే యగును. బరువు నూటికి 10 పాళ్ళు పెరిగిన వేగము సుమారు 5 పాళ్ళు పెరుగును. అది స్వల్పముగా దోచును. అయితే మలుపు చురుకగును, ముడుచుకొన్నప్పుడు కుదుపు తీవ్రమగును, నేల వేగముగా ఎదురు వచ్చును.

నాకు ఎదురు వచ్చినది నేలయే. గాలి లేని ఒక మధ్యాహ్నము దిగుచు, పరుగు చాలక, చీలమండ విరుగగొట్టుకొంటిని. రెక్క తప్పు కొంత, నా కాళ్ళ తప్పు కొంత. మంచమున నుండగా మా బావమరిది ఒకనాడు నా సామానంతయు తన గిడ్డంగికి తరలించి, నూలు బేళ్ళు తూచు కాటాపై పెట్టించెను. దానికి నా బరువు కలుపగా 125 కిలోలు తేలెను. పిదప అతడు ప్రతి లేబిలును చదివెను. రెక్కకు 115. హార్నెసుపై 120, అది మనిషి బరువుకే గనుక చెల్లెను. రిజర్వు పారాచూటుపై 100.

అప్పటివరకు ఆ రిజర్వు లేబిలును నేను చదివియే యుండలేదు. అది అక్కరకు రాని దినములన్నియు అందరికిని బరువుగానే తోచును. అక్కరకు వచ్చిన దినమున మరి వేరేమియు లేదు. రిజర్వునకు ఐరోపా ప్రమాణమేమనగా, గరిష్ఠ బరువుతో సెకనుకు 5.5 మీటర్లకు మించిన వేగమున దిగరాదు. అది ఒకటిన్నర మీటరు పైచిలుకు ఎత్తునుండి దూకినట్లు. 100 కిలోల రిజర్వుకు 125 కిలోలు వ్రేలాడినచో ఆ వేగము ఆరు మీటర్లు దాటును. ఇంచుమించు రెండు మీటర్ల గోడమీదినుండి దూకినట్లగును. నేల తాకునప్పటి శక్తి ఒకటిన్నర రెట్లకు మించును. వేగమును పెరిగినది, దానిని మోయు శరీరమును పెద్దది. ఈ లెక్కను మా బావమరిది నా మంచము ప్రక్కననే కాగితముపై వేసెను. విరిగిన కాలికంటె అది నన్ను ఎక్కువ బాధించెను.

కావున మీ పిల్లలలో శరీరము గలవారు ఈ విద్య నేర్వదలచినచో, రెక్కను చూచుటకు ముందే వారిని నిండు సామానుతో తూచుడు. ఆ అంకెను రిజర్వు లేబిలుతో మొదట సరిచూడుడు. రిజర్వు గరిష్ఠము ఆ అంకెకు సమానముగా గాక, పైన కొంత మిగులుండవలెను. అట్లని మరీ పెద్దది కొన్నచో విచ్చుకొనుట ఆలస్యమగును. పెద్ద రిజర్వు హార్నెసు సంచిలో పట్టునా, వ్రేలాడుచు లాగిన సులువుగా వచ్చునా అని దుకాణములోనే పరీక్షింపవలెను. అది పట్టక బలవంతముగా కుక్కినవారిని చూచితిని. పెద్ద రిజర్వే మరికొంత బరువు గనుక, కొన్న పిదప మరల తూచవలెను.

హార్నెసు విషయమున ఒక మాట. "పెద్ద సైజు" అనునది పలుమారు పొడుగుకు, లావుకు కాదు. పొట్టిగా, లావుగా నుండువానిని పొడుగువాని హార్నెసులో కూర్చుండబెట్టినచో, నేల విడిచిన తరువాత ఆసనములోనికి జరుగలేక తొడపట్టెలపై వ్రేలాడును. దూలమునుండి వ్రేలాడదీసి పావుగంట కూర్చుండనిచ్చి చూడవలెను. బూట్లు చీలమండను కప్పవలెను. కారణమును ఇంతకుముందే మనవి చేసితిని.

రెక్కకు వచ్చినచో, బరువైనవారికి తగిన పెద్ద రెక్కలు కలవు. ఆరంభకులకై చేసిన ఏ-తరగతి రెక్కలలో 130 కిలోలు, అంతకు పైబడియు మోయునవి దొరకును. కాని అంగడిలో సిద్ధముగా నుండుట అరుదు. అప్పుడు అమ్మువారు రెండు దారులు చూపుదురు. ఒకటి, పై తరగతి రెక్క: "ఇది పెద్ద సైజు ఉన్నది, తీసికొనుడు" అందురు. వలదు. పరిమాణము సరిపోయినను అది నేర్చినవారి చేతి పనిముట్టు. రెండవది, ఇద్దరిని మోయు జంట రెక్క. ఒంటరిగా 125 కిలోలవాడు దానికి చాల తేలిక. గాలిలో అది మందముగా తిరుగును, ఎదురుగాలిలో ముందుకు సాగదు, ముడుచుకొనుటకును సుళువు. కొన్నినెలలు వేచియైనను తగిన సైజును తెప్పించుకొనుటే నా అభిప్రాయము. లేబిలు హద్దులలో నడిమి భాగమునకు కొంచెము పైగా నుండుట బాగు; కొసకు చేర్చి కొన్నచో దీపావళి మిఠాయిలకు చోటుండదు.

పాతది కొన్నచో, గుడ్డ గాలిని ఎంత వదలుచున్నదో, తాళ్ళు ఎంత లాగుడుకు తెగుచున్నవో పరీక్షించిన కాగితము అడుగుడు. మన నేతగాండ్ర చేతులకు గుడ్డ తెలిసినను తాళ్ళ లోపలి పోగులు తెలియవు.

పిల్లలు నేర్చిన పిదప హిమాచలములోని బీర్-బిల్లింగునకు పోవుదుమందురు. 2015లో అచ్చట పారాగ్లైడింగు ప్రపంచ కప్పు పోటీలు జరిగినవి గనుక ఆ పేరు వారికి తెలియును. ఎగురు చోటు సుమారు 2400 మీటర్ల ఎత్తున నున్నది. గాలి పలుచన గనుక సముద్రమట్టముకంటె నూటికి పండ్రెండు పాళ్ళు వేగముగా పరుగెత్తినగాని రెక్క లేపదు. బరువైనవాడు అచ్చట ఎదురుగాలి వీచు వేళకై వేచి, అప్పుడే బయలుదేరవలెను. కామ్‌షేట్‌లో చాలిన పరుగు అచ్చట చాలదు.

ఆ బాలుడు ఇంకను చిన్నవాడు. అతని తండ్రిగారు పదునెనిమిది నిండిన పిదప చూతుమన్నారు. అది వారి ఇష్టము. నేను ఇప్పుడు 135 కిలోల రెక్కపై, 140 కిలోల రిజర్వుతో ఎగురుచున్నాను. మొన్న తూచినప్పుడు అన్నియు కలిసి 127 వచ్చినది. మా బావమరిది కాటా గిడ్డంగి ముంగిటనే యున్నది. ఎవరు వచ్చినను తూచి, అంకెను పైకి చదువక చీటిపై వ్రాసియిచ్చును. ఆదివారము మాత్రము గిడ్డంగి మూసియుండును.